మే నెలలో మంచు పరీక్ష

గోదావరి డెల్టాలో మంచు కురిస్తే ఎదుర్కోవడానికి యంత్రాంగం సర్వసన్నద్ధంగా ఉంది. ఈ సంగతి నరసాపురంలో లేసుల వ్యాపారం చేసే శ్యామలాంబకు మే నెలలో, నలభై అయిదు డిగ్రీల ఎండలో తెలిసింది.

ఆమె భర్త జోగేశ్వరరావు ఒకప్పుడు ఊటీలో ఓ టీ తోట మేనేజరు దగ్గర పాత కారు కొన్నాడు. కొండమీది కారు కాబట్టి అందులో హీటరూ, అద్దం మీది మంచును వేడిగాలితో కరిగించే డీఫ్రాస్టరూ ఉన్నాయి. రిజిస్ట్రేషన్ పుస్తకంలోనూ ఉన్నాయి. పుస్తకంలో ఉన్నదల్లా పనిచేయాలి, లేకుంటే శనివారానికల్లా కారు తుక్కు కిందికి పోతుందని పాత వాహనాల పరీక్షాధికారి జయంత్ గారు ఫోనుకు నోటీసు పంపారు. (చివర వడదెబ్బ తగలకుండా జాగ్రత్త పడమని కూడా ఉంది.)

భర్త పోయి ఎనిమిదేళ్లు. రోజూ సాయంత్రం ఆమె ఆ కారులో పది నిమిషాలు కూర్చుంటుంది. కారు ఎక్కడికీ వెళ్లదు. ఆ ఇంట్లో ఎక్కడికీ వెళ్లిపోనిది అదొక్కటే.

మెకానిక్ ముసలయ్య ఇంజను నడిపి, హీటరు గొట్టాలు పట్టుకుని చూశాడు. ఎంతసేపు నడిపినా గోరువెచ్చన దాటలేదు. అతను కాసేపు తల గోక్కున్నాడు.

"థర్మోస్టాట్ నేనే పీకేశానండి అమ్మగారు. నీళ్లు కాగేదాకా రేడియేటరుకు వెళ్లకుండా ఆపే బిళ్లండి అది. మన వైపు కారు కొన్నాక దాన్ని పీకడమంటే పిల్లాడికి పుట్టెంట్రుకలు తీయించడమేనండి."

"ఎక్కడ పడేశావు?"

"పడేయలేదండి. మా ఆవిడ దానిమీద దీపం పెడుతోందండి."

దీపం కింది నుంచి తెచ్చి బిగించాక వేడి పుట్టింది గానీ గాలి అద్దానికి చేరలేదు. డాష్‌బోర్డు మీద, కారు కొన్న ఏడాది శ్యామలాంబ అల్లి పరిచిన లేసు ఉంది. (లేసు కప్పని వస్తువును నరసాపురంలో నలుగురి ముందు పెట్టరు.) ఏటా అక్కడే గంజి పెట్టడంతో కన్నాలన్నీ పూడి, అది రేకులా బిగిసి, గాలి దారిని మూసేసింది. ముసలయ్య ఉలితో చెక్కేశాడు. ఆమె అటు తిరిగి నిలబడింది.

పరీక్షకు మంచు కావాలి. పదకొండో నిబంధన ప్రకారం మంచు దరఖాస్తుదారే తెచ్చుకోవాలి. చేపలు పట్టే అబ్బులు రేవు నుంచి రెండు పెట్టెల ఐసు తెచ్చి, దంచి అద్దానికి మెత్తాడు. అందులో వచ్చిన రొయ్యను జయంత్ గారు 'ఇతర అవరోధాలు' అన్న గడిలో రాసుకున్నారు. ఎండకు కరిగినది లెక్కలోకి రాదని గొడుగు పట్టించారు. తలుపులు బిగించుకుని, హీటరు వేసి, లోపల ఇరవై నిమిషాలు కూర్చున్నారు. అద్దం తేటపడేసరికి అధికారి ఆవిరి కుడుములా ఉడికి ఉన్నారు.

కారు పాసయింది. బతికించారు బాబూ అంటూ శ్యామలాంబ చేతులు జోడించింది.

"నూటికి నూరండి అమ్మగారు," అన్నారాయన మొహం తుడుచుకుంటూ. "హీటరూ డీఫ్రాస్టరూ రెండూ పనిచేస్తున్నాయి కాబట్టి ఇది శీతల ప్రాంత వాహనమండి. శీతల ప్రాంతంలోనే ఉండాలండి. సోమవారం లారీ వస్తుంది."

సోమవారం లారీ సరిగ్గా టైముకు వచ్చింది. కారు వెళ్లాక ఆమెకో తాఖీదు ఇచ్చారు: సదరు వాహనాన్ని ఇన్నేళ్లు తన దగ్గర ఎందుకు ఉంచుకున్నదో మూడు రోజుల్లో కారణం తెలపాలి.

ఆమె కళ్లజోడు పెట్టుకుని, 'తోడుగా ఉంటుందని' అని రాసి పంపింది.

ఆ కారణం జాబితాలో లేదని కాగితం తిరిగి వచ్చింది.