బాలయ్యకు షుగర్

నల్లగొండలోని ఒక ఫార్మసీ కాలేజీలో నవనీత కరివేపాకు మీద పరిశోధన చేస్తోంది. షుగర్ తెప్పించిన ఎలుకలకు ఆకు రసం తాగించి, రక్తంలో చక్కెర తగ్గుతుందో లేదో చూడాలి. వాటిలో అన్నిటికంటే బాగా తినే ఎలుకకు ముచ్చటపడి మేనమామ బాలయ్య పేరు పెట్టుకుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఆ ఉదయం తొందరగా ల్యాబ్‌కు చేరాలని జడ వేసుకుంటూనే తోటి పరిశోధకుడు మహేష్‌కు ఫోన్ చేసింది.

"బాలయ్యకు షుగర్ ఎంతుంది? గంత ఎక్కువనా? ఏం ఫికర్ చెయ్యకు, కల్యామాకు రసమే పొయ్యి. తగ్గితే పేపర్ల ఏద్దాం. సచ్చిపోతే కోసి చూద్దాం."

వంటింట్లో పోపు పెడుతున్న తల్లి కృష్ణమ్మ చేతిలోంచి గరిటె జారింది. ఆమె వాకిట్లోకి ఉరికేసరికి కూతురి స్కూటీ సందు దాటిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నార్కట్‌పల్లిలో హైవే పక్కన బజ్జీల బండి నడిపే తమ్ముడూ ఎత్తలేదు. చివరికి మరదలు శ్యామలమ్మ దొరికింది.

"శ్యామలా, తమ్ముడెట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు, బజ్జీలు ఏస్తుండు. ఏమైంది వదినా, ఏడుస్తున్నవ్?"

"కోస్తరట!" అని వెక్కుతూ కృష్ణమ్మ ఫోన్ పెట్టేసింది.

వదినకే ఆపరేషన్ అనుకుని శ్యామలమ్మ మొగుడికి చెప్పింది. బాలయ్య సలసల కాగే నూనె దించి, చేతికి అంటిన పిండితోనే భార్యను తీసుకుని ఆటో ఎక్కాడు. నల్లగొండలో అక్క ఇంటికి తాళం ఉంది. ఏడ్చుకుంటూ ఇప్పుడే కాలేజీకి పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. మొగుడూ పెళ్లాం అటే పరుగెత్తారు.

ల్యాబ్ గుమ్మంలో అక్కాతమ్ముళ్లు ఎదురుపడ్డారు.

"నీకేం రోగమొచ్చిందే అక్కా?"

"నాకేమైతది? నువ్వు బతికే ఉన్నవా తమ్మీ!"

ఇద్దరూ కావలించుకుని ఏడుస్తుంటే నవనీత లోపలి నుంచి వచ్చింది.

"సొంత మేనమామను కోస్తవానే?" అని తల్లి మీదపడింది.

జరిగింది అర్థమై నవనీత బోను చూపించింది. "మామను గాదమ్మా, గీ బాలయ్యను."

లోపల బొద్దుగా ఉన్న తెల్లెలుక తలెత్తకుండా తింటోంది.

"ఎలుకకు నా పేరా, బిడ్డా?"

"నీలెక్కనే ఎంత పెట్టినా వద్దనదు మామా. ముద్దుగ పెట్టుకున్న."

శ్యామలమ్మ పడీపడీ నవ్వింది. బాలయ్యకు రోషమొచ్చింది. "నాకు షుగరా? గుండ్రాయి లెక్క ఉన్న. గిప్పుడే చూడుండ్రి!" అని వేలు చాపాడు.

మహేష్ కొత్త సూదితో వేలు పొడిచి మిషన్ చూశాడు. నమ్మలేక మళ్లీ చూశాడు. షుగర్ బాగా ఎక్కువుంది. చాలా రోజులుగా అరికాళ్లు మండుతున్నాయని, భార్యకు కూడా చెప్పలేదని బాలయ్య అప్పుడు మెల్లగా బయటపెట్టాడు.

"మరి దానికెంతుంది?"

"నీకంటే తక్కువనే మామా."

"అయితే గా రసం నాక్కూడ పొయ్యి."

"అది మనుషులకు పనిచేస్తదో లేదో ఇంకా తేలలే. నువ్వు నడువు, దవాఖానకు పోదాం," అంటూ నవనీత అతని చెయ్యి పట్టుకుంది. ఎంత గింజుకున్నా వదల్లేదు.

దవాఖానలో చీటీ రాసే అమ్మాయి పేరు అడిగింది.

"బాలయ్య," అన్నాడతను. ఎందుకైనా మంచిదని, "మనిషిని," అని చేర్చాడు.