మూడు బ్యాండ్ల గిటారిస్టు

జగ్గయ్యపేటకు రాక్ సంగీతాన్ని తెచ్చినవాణ్ణి నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరూ కాదనలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి కాదనే అవసరం రాలేదు. నా పేరు నాగసాయి. మూడు బ్యాండ్లలో లీడ్ గిటార్ పట్టాను. ఒక్కో బ్యాండు మారేకొద్దీ వాయించడం తగ్గి పేరు పెరిగింది. అంటే నా ఎదుగుదల పద్ధతిగానే సాగిందని మనవి.

మొదటి బ్యాండు పేరు ‘బ్లాస్టింగ్’. డ్రమ్స్ డేవిడ్‌రాజు, పాట వాళ్ల చెల్లెలు జాయిస్, గిటార్ నేను. మా నాన్న వెంకటకృష్ణారావు గారి పెయింట్ల కొట్టు వెనక గోడౌనే మా స్టూడియో. సున్నపురాయి క్వారీ పేలుళ్లకు అలవాటుపడిన ఊరు కాబట్టి మా ప్రాక్టీసు మీద ఫిర్యాదులేమీ రాలేదు. పక్క కొట్టాయన మాత్రం ఒకసారి తొంగిచూసి, “ఇవాళ పెందలాడే పేల్చారేంటయ్యా?” అని అడిగి వెళ్లాడు. దాన్ని మా కళ మీద వచ్చిన తొలి సమీక్షగా స్వీకరించాం.

ఆ గోడౌన్‌లోనే సొంతంగా ఒక పాట కట్టుకున్నాం. ముక్త్యాల రోడ్డు పక్కన సిమెంటు దుమ్ము కప్పుకున్న వేపచెట్టు మీద వాన పడుతుంది, ఆకులు తమ రంగు తాము చూసుకుని ఆశ్చర్యపోతాయి, అదీ పాట. జాయిస్ రాసింది. నందిగామలో ఒక కాలేజీ వార్షికోత్సవంలో ఆ పాటే ఎత్తుకున్నాం. రెండో చరణం అందుకునేసరికి ప్రిన్సిపాల్ గారు స్టేజీ ఎక్కి, వాయిస్తున్న నాకు శాలువా కప్పి, మైకు లాక్కుని, “ఇటువంటి కళలను సమాజం కంటికి రెప్పలా కాపాడుకోవాలి. ఇప్పుడు కబడ్డీ బహుమతులు” అన్నారు. సన్మానంతో దింపేయడం అందరికీ దక్కే గౌరవం కాదు. ఆ గౌరవం తట్టుకోలేక బ్యాండు చెదిరిపోయింది.

రెండోది మా వీధి భజన బృందం. దాని పెద్ద చంద్రమౌళి గారు యువతను ఆకర్షించే ఉద్దేశంతో నన్ను చేర్చుకున్నారు. “గిటార్ వాయించు నాయనా. వినపడనీకు. దేవుడు బెదిరిపోతాడు” అని ఆదేశించారు. వినపడకుండా వాయించడంలో శిక్షణ అక్కడే పొందాను. ఆ శిక్షణే మూడో బ్యాండులో అన్నం పెట్టింది.

మూడోది నందిగామలో ఆశీర్వాదం అన్న నడిపే పెళ్లిళ్ల బ్యాండు. డేవిడ్‌రాజు, జాయిస్ అప్పటికే అందులో ఉన్నారు. “తమ్ముడూ, పాటలన్నీ ల్యాప్‌టాప్‌లో ఉంటాయి. నువ్వు జుట్టు పెంచుకుని ఊగితే చాలు. వాయించావంటే గొడవైపోద్ది” అన్నాడు ఆశీర్వాదం అన్న. జాయిస్ పెదాలు కదిపేది, డేవిడ్‌రాజు గాల్లో కొట్టేవాడు, నేను ఊగేవాణ్ణి. ఈ ప్రాంతంలో నేను ఊగని ఫంక్షన్ హాలు లేదు. వాయించిన రోజుల్లో నన్ను గుర్తుపట్టని మా బంధువులు, ఊగడం మొదలుపెట్టాక దగ్గరకొచ్చి ఫొటోలు దిగారు.

అలా ఉండగా చెవిటికల్లు రైతు సతీష్‌బాబు గారి పెద్దమ్మాయి రిసెప్షన్ వచ్చింది. సరిగ్గా పెళ్లికొడుకు కేకు కోసే సమయానికి ల్యాప్‌టాప్ తనను తాను అప్‌డేట్ చేసుకోవడం మొదలుపెట్టింది. హాలంతా నిశ్శబ్దం. పక్కవాళ్లతో మాట్లాడాల్సి వస్తుందేమోనని అతిథులు కంగారుపడ్డారు.

“ఏదో ఒకటి వాయించండ్రా బాబూ, పరువు పోద్ది!” అన్నాడు ఆశీర్వాదం అన్న.

జాయిస్ నా వైపు తిరిగింది. “మన పాట పాడదామా?”

“ఇప్పుడా?”

“ఇంకెప్పుడు?”

వాయించాను. మొదట్లో వేళ్లు తీగలు తప్పాయి. తర్వాత వాటికి దారి గుర్తొచ్చింది. డేవిడ్‌రాజు నవ్వుతూ నిజంగానే కొడుతున్నాడు. జాయిస్ గొంతు పైకి లేచినప్పుడు, రాక్ కళాకారుడు చెప్పుకోకూడదు గానీ, నాకు కళ్లు చెమర్చాయి. ముందు వరసలో సతీష్‌బాబు గారి తల్లి సీతారావమ్మ గారు ఐస్‌క్రీం కప్పు పక్కన పెట్టి చెవి ఒగ్గారు. మిగతా ప్రజానీకం భోజనాల వైపు కదిలింది. ఎవరో, “మైకు టెస్టింగ్ ఇంతసేపు చేస్తారేంటండీ?” అని విసుక్కున్నారు. పాట ముగిసేలోగా ల్యాప్‌టాప్ లేచింది. హాలు దద్దరిల్లేలా దానికి చప్పట్లు కొట్టారు.

వీడియో తీసినతను రసజ్ఞుడు. మా గోల తీసేసి, మా బొమ్మల మీద ఒక సూపర్‌హిట్ సినిమా పాట అతికించాడు. వారం తిరక్కుండా అది ఊళ్లోని ప్రతి ఫోనులోకీ వెళ్లింది. నా వేళ్లు ఒక పాటకు, చెవిన పడేది మరో పాటకు. “ఏం వాయించాడ్రా, అచ్చం సినిమాలో ఉన్నట్టే ఉంది!” అని మెచ్చుకున్నారు. “అంతా మీ అభిమానం” అని అందరికీ పేరుపేరునా జవాబిచ్చాను. మా నాన్న కొట్టు ముందు నా ఫ్లెక్సీ కట్టించారు. ప్రజల కోరిక మేరకు గిటార్ స్కూలు తెరిచాం.

ప్రారంభం రోజున తల్లిదండ్రులు పిల్లలతో బారులు తీరారు. సతీష్‌బాబు గారు చిన్నమ్మాయి లహరిని చేర్పించడానికి వచ్చారు. వెంట సీతారావమ్మ గారు ఉన్నారు. ఆవిడ తిన్నగా నా దగ్గరకొచ్చారు.

“బాబూ, ఆవేళ చెట్టు మీద వాన పాట వాయించావే, ఆ ఫోన్లో అది లేదేంటి? ఓసారి వినిపించవా?”

జాయిస్ మైకు పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. అప్పటికే జనం ఫోన్లు పైకెత్తారు. వాళ్లు ఏ పాట కోసం ఎత్తారో నాకు తెలుసు. కళాకారుడు ప్రజల పక్షాన నిలవాలి. ఆశీర్వాదం అన్నకు సైగ చేశాను. ల్యాప్‌టాప్‌లోంచి సూపర్‌హిట్ పాట మోగింది, నేను ఊగాను. చప్పట్లు ఆగలేదు. జాయిస్ మైకు కింద పెట్టి బయటికి వెళ్లిపోయింది. సీతారావమ్మ గారు వెనక్కి వెళ్లి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

సతీష్‌బాబు గారు నొచ్చుకున్నారు. “ఏమనుకోకండి నాగసాయి గారూ, మా అమ్మకి సంగీతం తెలీదు.”

“పర్లేదండీ” అన్నాను పెద్దమనసుతో. “మనవైపు జనానికి మంచి సంగీతం అలవాటవ్వాలంటే కొంచెం టైం పడుద్ది.”

ఆ మాటకు ఇంకా గట్టిగా చప్పట్లు పడ్డాయి.