రేసు కారుకి ఎర్ర ఉన్ని

ఆ శుక్రవారం ఉదయం కొత్త కోడలు వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. రేసు కారుకి ఉన్ని పోగులు అంటించడం, కారు ఓ చుట్టు తిరిగొచ్చాక వాటిని పీకేయడం, మధ్యాహ్నం టైర్ల దొంతర మీద మొగుడి పక్కన కూర్చుని ఒకే డబ్బాలో తినడం. మూడోది ఉండబట్టే మొదటి రెండూ అంత హుషారుగా ఉన్నాయి. పెళ్లయి నలభై రోజులే అయింది మరి.

ఆమె ఓ చిన్న రేసు జట్టులో గాలి విభాగం ఇంజినీరు. కారు మీదుగా, కిందుగా గాలి ఎలా పోవాలో గీసి చెప్పడం ఆమె పని. విభాగం అంటే ఆమె ఒక్కతే. భర్త అదే జట్టులో మెకానిక్కు. వర్క్‌షాపులో అతన్ని "నువ్వు" అనేది, ఇంట్లో అత్తగారి ఎదుట "ఏవండీ" అనేది. అతను రెండింటికీ ఒకే నవ్వుతో పలికేవాడు.

జట్టులో అందరూ కారుని "గేదె" అనేవారు. మలుపు కనిపిస్తే చాలు, మొండికేసి పక్కకి జారిపోయేది. ఏడు రేసులైనా ఒక్క పాయింటు రాలేదు. పక్కలనుంచి బయటి గాలి కారు అడుక్కి దూరుతోందని, అందుకే కారు నేలని పట్టుకోలేకపోతోందని ఆమె కనిపెట్టింది. ఆ గాలిని అడ్డుకోవడానికి అడుగుపలకకి రెండు వైపులా కొత్త అంచులు గీసింది. భర్త ఆ అంచులతో కొత్త పలక చేసి బిగించాడు. జట్టు యజమాని పెద్దాయన మాత్రం ఒక్క మాటలో తేల్చేశాడు.

"ఆదివారం ఒక్క పాయింటు తెస్తే నీ విభాగం ఉంటుందమ్మా. లేకపోతే ఎత్తేస్తాను."

ఎత్తేస్తే వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకోవాలి. అప్పుడు మొగుడు వారానికి ఒక్క రోజు. ఆ మాట తలుచుకుంటే ఆమెకి ముద్ద దిగేది కాదు.

గాలి కంటికి కనిపించదు కాబట్టి కారు ఒంటినిండా జానెడు ఉన్ని పోగులు అంటించి చూస్తారు. పోగు బుద్ధిగా పడుకుంటే గాలి సాఫీగా పోతున్నట్టు, చిందులేస్తే ఎక్కడో తేడా ఉన్నట్టు. ఉన్ని కోసం ఆమె అత్తగారి అల్లిక బుట్టలో చెయ్యి పెట్టింది.

"కారుక్కూడా చలేస్తోందా?" అందావిడ.

"కాదత్తయ్యా, గాలి ఎటు పోతోందో చూడాలి."

"కిటికీ తీస్తే తెలియదూ? సర్లే, ఎర్రది తీసుకో. కళగా ఉంటుంది."

వర్క్‌షాపులో ఓ నియమం ఉంది. నీలం టేపుతో అంటించినది పరీక్ష కోసం, పనయ్యాక పీకేయొచ్చు. పసుపు టేపుతో అంటించినది కారులో భాగం, ఇంజినీరు సంతకం లేనిదే ముట్టుకోకూడదు. ఆ నియమాన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడకి తగిలించింది ఆమే. ఆ ఉదయం నీలం టేపు అయిపోయింది. పీకేది మనమేగా అనుకుని పసుపు టేపుతోనే అంటించేసింది.

కారు నింపాదిగా ఓ చుట్టు తిరిగొచ్చింది. పోగులన్నీ బడిపిల్లల్లా వరసగా పడుకున్నాయి. ఆమె ఫోటోలు తీసుకుని, ఆనందంలో సంతకం సంగతి మరిచి మేడ మీద కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. భర్త టేపుని చూశాడు, గోడని చూశాడు. ఫోన్ చేసి అడుగుదామనుకున్నాడు. పెళ్లయిన కొత్తలో ఆమె పనిని ప్రశ్నిస్తే ఏం బావుంటుందని మానేశాడు. పైగా వదులైన రెండు పోగులకి కొత్త టేపు వేసి గట్టిగా నొక్కాడు.

మధ్యాహ్నం అసలు వేగంతో సాధన. గేదె ఎర్ర కుచ్చులు ఊపుకుంటూ వెళ్లి, ఎన్నడూ లేనిది, ఏడో స్థానంలో తిరిగొచ్చింది.

ఆమె మెట్లు దిగి వచ్చి నిలబడిపోయింది. "ఇదేంటి, పీకలేదా?"

"పసుపు టేపు."

"అయితే?"

"గోడ మీద రాసింది నువ్వే. చదివి వినిపించనా?"

ఇంతలో పెద్దాయన చేతులూపుకుంటూ వచ్చాడు. "అమ్మాయ్, ఈ కుచ్చులు ఎంత పని చేశాయి."

"కుచ్చులు కాదు సార్, కింద అంచులు..."

"అంచుల సంగతి తర్వాత. కుచ్చులు ఇంకో నాలుగు వరసలు వేయించు." ఆయన అదే ఊపులో విలేకరుల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆయన అంత సంతోషంగా ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆదివారం దాకా ఉన్ని వల్లే అనుకోనీలే, పోయేదేముంది అనుకుంది. ఇంకో నాలుగు వరసలు అంటించింది.

శనివారం, రేసులో ఎవరు ఎన్నో చోట నిలవాలో తేల్చే అర్హత పరుగులో గేదె తొమ్మిదో చోటు సంపాదించింది. భోజనం పట్టుకుని అత్తగారు కూడా ట్రాక్ దగ్గరికి వచ్చింది, అల్లిక బుట్టతో సహా. కోడలు చేతులు కడుక్కుని వచ్చేసరికి బుట్ట ఖాళీగా ఉంది.

"ఉన్ని ఏమైందత్తయ్యా?"

"పక్క షెడ్లవాళ్లు వచ్చి అడిగారమ్మా. మూడు జట్లవాళ్లు. మర్యాదస్తులు, ఒకాయన నా కాళ్లకి దండం కూడా పెట్టాడు. ఎరుపు అయిపోతే ఊదా ఇచ్చాను."

"ఇచ్చేశారా?"

"టేపు ఊడిపోతుంది నాయనా, జిగురేసి అంటించుకోండి అని కూడా చెప్పాను. చెప్పకూడదా ఏం?"

భర్త డబ్బా మూతలో మొహం దాచుకుని నవ్వాడు. ఆమె అతని మోకాలి మీద ఒక్కటిచ్చింది, తర్వాత తనూ నవ్వింది.

ఆదివారం ఉదయం నవ్వు ఆగిపోయింది. గాలికి కదిలేది ఏదీ కారు పైన ఉండకూడదని, రేసుకి ముందు ఉన్ని అంతా తీసేయాలని అధికారులు తాఖీదు పంపారు. పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు.

"కుచ్చులే లేకపోతే వాటితో వచ్చిన ఆ అంచులెందుకు? అవీ పీకి పాత పలక బిగించండి."

భర్త చేతిలో స్పానరు ఉంది. కానీ కదల్లేదు. "అంచులకి పసుపు టేపు వేసి ఉంది సార్. ఇంజినీరు సంతకం కావాలి."

అందరూ ఆమె వైపు తిరిగారు. పాత పలకతో గేదె మళ్లీ గేదే అవుతుంది, సోమవారానికి తన బల్ల ఖాళీ అవుతుంది.

"సంతకం పెట్టను సార్. ఉన్ని ఏమీ చేయదు. గాలిని చూడ్డానికి అంటించాం, శుక్రవారమే పీకాల్సింది, మర్చిపోయాం. వేగం అంచులదే. మీకు అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదే."

"ఆరుగురు విలేకరులకి చెప్పానే," అన్నాడు పెద్దాయన నీరసంగా. "ఉన్ని ఆలోచన నాదేనని."

ఎవరూ నవ్వలేదు. చాలా కష్టపడి.

"సరే, అంచులుండనీ. పాయింటు రాకపోతే మాత్రం నన్నేం అడగొద్దు."

గేదె మీది ఉన్ని టేపుతో పాటు పది నిమిషాల్లో ఊడి వచ్చేసింది. పక్క షెడ్లలో మాత్రం ముగ్గురు పెద్దమనుషులు ఉలులతో జిగురు గీకుతున్నారు. ఉన్నితో పాటు రంగు లేచింది, రంగుతో పాటు పైపొర లేచింది. గేదె కన్నా ముందు నిలవాల్సిన ఆ మూడు కార్లూ ఆలస్యమై అందరికన్నా వెనక నుంచి బయల్దేరాయి.

గేదె ఆ రోజు ఒక్క మలుపులోనూ జారలేదు. నేలకి అతుక్కుని, గీత గీసినట్టు తిరిగింది. ఆఖరి చుట్టులో వెనక కారు మీదమీదకి వస్తుంటే ఆమె మొగుడి చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది, కుట్టు విడిపోయేదాకా. గేదె ఆరో స్థానంలో గీత దాటింది. ఆరోవాళ్లకి ఒక పాయింటు. ఆమె అందరి ముందూ "ఏవండీ" అని అరిచింది. షెడ్డంతా ఆ పిలుపే అందుకుంది.

సాయంత్రం పెద్దాయన ఆమెని గదిలోకి పిలిచాడు.

"విభాగం ఎత్తేయట్లేదమ్మా. పెంచుతున్నాను, ఇంకొకర్ని తీసుకున్నాను."

"ఎవర్ని సార్?"

"నీ అంచుల వల్ల మన కారు ఒక సెకను ముందుకొచ్చింది. మీ అత్తగారి ఒక్క సలహాతో మూడు కార్లు వెనక్కెళ్లాయి. నువ్వు చదువుకున్నదానివి, ఏది ఎక్కువో నువ్వే చెప్పు."

సోమవారం ఉదయం అత్తగారు కోడలి బల్లకి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. గాలి విభాగంలో అసలు గాలే ఆడటం లేదన్నది ఆవిడ ఇచ్చిన మొదటి సాంకేతిక నివేదిక.