రీంక్ గారి సన్ననడుము గొట్టం

ఆ శనివారం పొద్దున రీంక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, నేలమాళిగలో ఊరిన నీళ్లు తోడేయాలి, సాయంత్రం భార్య పుట్టినరోజుకి కుర్చీలు గుండ్రంగా వేయాలి. అతను నీటి మండలిలో పంపుల ఇంజనీరు. సముద్రం కన్నా పల్లంలో ఉన్న చుట్టుపక్కల పొలాలన్నీ మునగకుండా చూసే మనిషి ఇంట్లోనే చీలమండ లోతు నీళ్లుంటే నలుగురిలో తలెత్తుకోవడం కష్టం.

"జనం వచ్చేలోపు పొడిగా లేకపోతే మా డౌవెని పిలుస్తా. వాడి దగ్గర కరెంటు పంపుంది," అంది భార్య యెల్కా.

"చచ్చినా వద్దు!" అన్నాడు రీంక్. బావమరిది ఒక్కసారి పంపు తెచ్చాడంటే ఆ సంగతి బతికినంత కాలం దెప్పుతాడు.

రీంక్ దగ్గర తానే చేసుకున్న ఇత్తడి గొట్టం ఒకటుంది. దాని నడుము సన్నం. కుళాయి నీళ్లు ఆ ఇరుకులోంచి దూసుకుపోతుంటే అక్కడ పీడనం పడిపోయి, నేలమాళిగలోకి దిగిన పక్కగొట్టం కింది నీళ్లను పైకి లాగుతుంది. రెండూ కలిసి కాలిబాట మీద పరిచిన రబ్బరు గొట్టంలోంచి కాలవలో పడతాయి. పెరట్లో కుళాయికి బిగించి తిప్పాడు. లాగింది! రీంక్‌కి తన మీద తనకే గౌరవం పుట్టుకొచ్చింది.

అతను ఆ ఆనందంలో ఉండగానే డౌవె అందరికన్నా ముందు, బీరు పెట్టెలు వేసుకుని మూడు చక్రాల సైకిలు మీద దిగాడు.

"బండి ఎక్కడ పెట్టను బావా?"

"ఎక్కడో చోట పెట్టు. నన్ను కదిలించకు."

డౌవె ఎక్కడో చోట పెట్టాడు. ముందు చక్రం సరిగ్గా రబ్బరు గొట్టం మీద కూర్చుంది.

చుట్టాలొచ్చారు. అక్కడి ఆనవాయితీ ప్రకారం రీంక్ చేయి కూడా పట్టుకుని ఊపి, "మీ ఆవిడ పుట్టినరోజు, అభినందనలు!" అన్నారు. అతను నవ్వుతూ ఒకసారి కిందికి వెళ్లి చూసొచ్చాడు. నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి.

"వేగం చాలట్లేదు," అనుకుని కుళాయి ఇంకొంచెం తిప్పాడు. కేకు కోసేసరికి మోకాళ్ల దాకా వచ్చాయి. పూర్తిగా తిప్పేశాడు. ఎంత తిప్పితే అంత నిండుతోంది.

"బావా, నీ మిషను తోడుతోందా, పోస్తోందా?" అని మెట్ల మీంచి అరిచాడు డౌవె. గుండ్రంగా కూర్చున్న వాళ్లంతా గొల్లుమన్నారు. రీంక్‌కి ఆ నీళ్లలోనే మునిగిపోవాలనిపించింది.

"ఇంక చాలు," అంది యెల్కా. "డౌవే, వెళ్లి నీ పంపు పట్రా."

డౌవె ఈల వేసుకుంటూ సైకిలెక్కాడు. రీంక్ ఓడిపోయిన మొహంతో నేలమాళిగ మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి పక్కగొట్టం గుటకలు వేయడం వినిపించింది. మెట్టుమీద తడిగీత మిగిలింది, నీళ్లు దాని కిందికి జారాయి. పరుగున వీధిలోకి వెళ్లి చూశాడు. రబ్బరు గొట్టం మీద చక్రం అచ్చు. బయటికి దారి మూసుకుపోతే నీళ్లు లాగే గొట్టంలోంచే కిందికి దిగుతాయని అతను ఏటా కొత్త ఉద్యోగులకు పాఠం చెబుతాడు. ఇంతసేపూ కుళాయి నీళ్లన్నీ తన ఇంట్లోకే పోసుకున్నాడన్నమాట. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

డౌవె పంపు వెతికి పట్టుకొచ్చేసరికి బాగా పొద్దుపోయింది, ఇక్కడ నేల కనిపిస్తోంది. జనం చప్పట్లు కొడుతున్నారు.

"ఒప్పుకున్నా బావా!" అన్నాడు డౌవె నోరు తెరిచి. "ఏం సరిచేశావు?"

నిజం చెప్పడానికి నోరు తెరిచిన రీంక్‌కి ఆ చప్పట్లు తియ్యగా వినిపించాయి. "పీడనం కాస్త సర్దాను," అన్నాడు.

నిజానికి ఆ సాయంత్రం సరిచేసిన పని ఏదైనా ఉంటే అది బావమరిదిని ఇంట్లోంచి పంపడం ఒక్కటే, అది కూడా యెల్కా చేసింది.