ఒక్క సెంటు కూడా

తన ముక్కులోకి కొలతకు దిగిన సర్వేయరు పరాంకుశం చెప్పులు విప్పలేదన్నదే బత్తుల సింగరయ్యకు మొదటి కోపం. దిగడం మీద అతనికి పేచీ లేదు. ఆ ఆసుపత్రిలో ముక్కు ఆపరేషన్‌కు పేరు రాయించుకున్న ప్రతివాడి ముక్కులోకీ సర్వేయరు దిగుతాడు. అది పద్ధతి.

డాక్టరమ్మ ముందే చెప్పింది. "ముక్కు గదుల వాపంటే ఒకటే జబ్బు కాదు పెద్దాయనా, రకాలున్నాయి. రకం తేలకుండా కోస్తే, కోసిన చోటే మళ్లీ మొలుస్తుంది."

వెనకటికి కండముక్క తీసి ల్యాబుకు పంపేవారట. ల్యాబు మనిషి రిటైరయ్యాక ఆ పని రెవిన్యూకు అప్పజెప్పారు. వాళ్లకు తెలిసిన రకాలు మూడే. కారే ముక్కు మాగాణి, ఎండి బిగుసుకున్నది మెట్ట, ఎవరిదీ కానిది పోరంబోకు.

సింగరయ్యకు ఏ రకమైనా ఒకటే. ఏళ్ల తరబడి నోటితోనే ఊపిరి పీలుస్తున్నాడు. తొలకరికి తడిసిన తన చేను వాసన ఒక్కసారి పీలిస్తే చాలనుకున్నాడు. "ఒక్కపూటన్నా నువ్వు నోరు మూసుకుంటే చూడాలనుందయ్యా," అంటూ భార్య నాగరత్తమ్మే లాక్కొచ్చింది.

పరాంకుశం గొలుసుతో కుడి రంధ్రంలో దిగి, ఎడమ రంధ్రంలోంచి పైకొచ్చి, ప్యాంటు దులుపుకున్నాడు. లోపల మొలిచిన కండలను ఆక్రమణల కింద రాసుకున్నాడు. చివరి పరీక్షగా సెంటు సీసా మూత తీసి ముక్కు కింద పెట్టాడు.

"సెంటు ఏమన్నా ఉందా?"

"లేదు సార్."

"సరిగ్గా చూసి చెప్పు."

"ఒక్క సెంటు కూడా లేదండీ."

ఆ మాటే రాసి వేలిముద్ర వేయించుకున్నాడు. రెవిన్యూ కాగితంలో సెంటంటే ఎకరంలో నూరోవంతు, మరో అర్థం లేదు. ఒక్క సెంటు కూడా లేనివాడికి సొంత ముక్కెక్కడిది? పోరంబోకని తేలింది. ఊళ్లో అతను దున్నుకునే మెట్టచేను కూడా దాంతోపాటే తేలింది.

"చేను నాది సార్! మా నాయనిచ్చింది."

"లేదని నువ్వేగా అన్నావ్? రెండుసార్లు అడిగానయ్యా. రకం ఒప్పుకుంటే రేపే ఆపరేషన్. లేదంటే ఇంటికి పో."

సింగరయ్య నోరు తెరిచాడు. ఊపిరి కోసమే. ఒప్పుకున్నాడని రాసుకున్నాడు పరాంకుశం.

ఆపరేషన్ బాగా జరిగింది. సర్కారు స్థలం గనక ఆక్రమణలు ఆనవాలు లేకుండా తీసేశారు. అందులో గాలి పీల్చుకోవడానికి అభ్యంతరం లేదని ఏటేటా కాగితం ఇస్తారు.

తొలకరికి మొగుడూ పెళ్లాలు రోడ్డు మీద నిలబడ్డారు. కంచె అవతల, నిన్నటిదాకా తమదైన చేలో, పరాంకుశం బావమరిది అరక కట్టించాడు. సింగరయ్య నోరు మూసుకుని, ముక్కు నిండా గాలి పీల్చాడు.

"ఏమన్నా తెలస్తందా అయ్యా?"

"తెలస్తందే. మొత్తం డెబ్బై రెండు సెంట్లూ."