పదహారు కుండీల చంద్రకాంత

ఆ జూబ్లీ హిల్స్ ఇంట్లో ఉండేది ఐదుగురు. సినిమాలు తీసే వీరభద్రం, ఆయన భార్య మంజులత, ఆయన అక్క రమామణి, తోటమాలి బాలనర్సయ్య, డ్రైవర్ నర్సింహ. వీళ్ళు కాక పెరట్లో పదహారు కుండీల్లో పదహారు చంద్రకాంత మొక్కలు ఉన్నాయి. రమామణి లెక్కలో అవి కూడా ఇంట్లోవాళ్ళే. వాటి తల్లిదండ్రులెవరో, తాతలెవరో ఆమెకు బాగా తెలుసు.

రమామణి ముప్పై రెండేళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయింది. కిందటేడాది ఎర్ర చంద్రకాంత పుప్పొడిని తీసి తెల్ల చంద్రకాంతకు అద్దింది. ఆ గింజలు మొలిచి అన్నీ గులాబీ రంగు పూలే పూశాయి. ఆ గులాబీ మొక్కల గింజలనే ఇప్పుడు ఈ కుండీల్లో వేసింది. వీటిలో కొన్ని మళ్ళీ తెల్లగా పూస్తాయని బాలనర్సయ్యతో చెప్పింది.

"గదెట్లయితదమ్మా? సున్నంల రంగు కలిపినంక మళ్ల తెల్ల సున్నం తీస్తవా?" అన్నాడతను.

"రంగు కలిసిపోలేదు బాలనర్సయ్యా. ఎరుపూ తెలుపూ లోపల దేనికదే ఉన్నాయి. పిల్లల్లో మళ్ళీ విడిపోతాయి."

"నలభై ఏండ్ల సంది మొక్కలతోనే ఉన్న. నేనైతే జూడలే."

ముప్పై రెండేళ్ళలో ఏ విద్యార్థీ ఆమెకు ఇంత సూటిగా ఎదురు చెప్పలేదు. ఆ మాట విన్న రోజు ఆమె అన్నం సగమే తిన్నది. పలక మీద నాలుగు గళ్ళు గీసి, ఎరుపుకి "ఎ" అనీ తెలుపుకి "తె" అనీ రాసి కుండీల పక్కన నిలబెట్టింది. చివరికి నిన్న సాయంత్రం మొగ్గలు రాగానే, వచ్చే ఏటి గింజలు కల్తీ కాకూడదని, పురుగులు వేరే పూల పుప్పొడి తెచ్చి అంటించకుండా, ఒక్కో మొక్కకీ చిన్న గుడ్డసంచులు తొడిగి ఎర్రదారంతో కట్టింది. చంద్రకాంత విచ్చుకునేది సాయంత్రం నాలుగు దాటాకే. అప్పుడు సంచులు విప్పి రంగులు లెక్కపెట్టాలి. ఇవాళ్టికి ఆమె పథకం అంతే.

వీరభద్రం పథకం ఇంకొకటి. సాయంత్రం ఆరుంబావుకి ఇంటి ముందు లాన్‌లో కొత్త సినిమా ముహూర్తం. కిందటి రెండు సినిమాలూ పోయాయి కాబట్టి ఈసారి ఏ లోపమూ ఉండకూడదు. బాలనర్సయ్యని పొద్దున్నే పూలదండలు కట్టించుకు రమ్మని గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కి పంపించి, తాను ఫిల్మ్ నగర్ ఆఫీసుకి వెళ్ళాడు.

పది గంటలకి నర్సింహ కారు కడిగే పైపు కోసం పెరట్లోకి వెళ్ళాడు. పైపు లేకుండా వెనక్కి నడుచుకుంటూ వచ్చాడు.

"మేడమ్, గాడ మొక్కలకు మూటలు కట్టిన్రు. ఎర్రదారం. పక్కకు పలక మీద యంత్రం గీసిన్రు."

మంజులత కిటికీలోంచి చూసి భర్తకి ఫోన్ చేసింది.

"ముహూర్తం రోజే చేతబడి చేయించారంటే తెలిసినవాళ్ళ పనే," అన్నాడు వీరభద్రం. "అక్కకి మాత్రం చెప్పకు. బీపీ పెరుగుతుంది."

ఆ ఇంట్లో ఈ సంగతి ఒక్క ముక్కలో తేల్చగలిగేది రమామణి ఒక్కతే. ఆమెకి తెలియకూడదని అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగారు. నాలుగింటి దాకా పెరట్లో పనిలేదు కాబట్టి రమామణి మేడ మీద గదిలో నోట్‌బుక్‌లో గీతలు కొట్టుకుంటూ ఉంది.

వీరభద్రం అనుమానం పాత భాగస్వామి మల్లికార్జున్ మీదకి పోయింది. ఫోన్ కలిపాడు.

"మా పెరట్లో ఆ ఎర్రదారం మూటలు నీ పనేనా?"

"ఏ పెరట్లో?"

"ఏ పెరట్లో అని అడుగుతున్నావంటే చాలా పెరళ్ళలో చేశావన్నమాట."

మల్లికార్జున్ భయపడి ఇద్దరికి చెప్పాడు. ఆ ఇద్దరిలో ఒకడు హీరోగారి మేనేజర్. పావుగంటలో మేనేజర్ ఫోన్ చేశాడు. "సార్, అవి తగలబెట్టేదాకా హీరోగారు మీ గేటు దాటరు."

మూడింటికి వీరభద్రం, ముహూర్తం పూజ చేయించే వేంకటరమణ పంతుల్ని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. పంతులు కళ్ళద్దాలు తుడుచుకుని పలక చదివాడు. "ఎఎ, ఎతె, ఎతె, తెతె." రెండోసారి రాగం కలిపి చదివాడు.

"ఇది మనవైపుది కాదండీ."

"మరి ఏ వైపుది?"

"తెలిస్తే మనవైపుదే అయ్యేది కదా. మూటలు మాత్రం విప్పకండి. విప్పితే లోపలున్నది బయటపడుతుంది."

ఈ ఒక్క మాటా రమామణి కూడా ఒప్పుకునేదే.

నాలుగుంబావుకి నర్సింహ కుండీల చుట్టూ ఎండుటాకులు పోసి, పక్కన దిష్టి గుమ్మడికాయ పెట్టి, కిరోసిన్ డబ్బా మూత తిప్పుతున్నాడు. రమామణి నోట్‌బుక్, భూతద్దం పట్టుకుని మెట్లు దిగింది.

"ఒరేయ్ భద్రం, నా మొక్కల దగ్గర గుమ్మడికాయ ఎందుకురా?"

"దగ్గరికి రాకక్కా. ఎవరో ఏదో చేయించారు."

"ఎవరో ఏంటి? ఇవన్నీ నేనే కట్టాను."

నర్సింహ డబ్బాని వీపు వెనక పెట్టుకున్నాడు. మంజులత "వదినగారూ" అంటూ గుమ్మడికాయని పక్కకి దొర్లించింది. రమామణి ఎవరినీ పట్టించుకోకుండా ఆకులు కాలితో తోసి మొదటి కుండీ సంచులు విప్పింది. గులాబీ. రెండోది ఎరుపు. తర్వాత మూడూ గులాబీ. ఆరోది మళ్ళీ ఎరుపు. ఏడో కుండీ సంచిలోంచి తెల్లపువ్వు బయటపడింది.

దండల బుట్ట నెత్తిన పెట్టుకుని అప్పుడే వచ్చిన బాలనర్సయ్య బుట్ట దించాడు. పూరేకుని బొటనవేలితో రుద్ది, వేలు చూసుకున్నాడు.

"తల్లీ తండ్రీ ఇద్దరూ గులాబీయేనాయె. ఇది ఏడికెల్లొచ్చిందమ్మా?"

"నాయనమ్మ పోలిక. వాళ్ళిద్దరూ దాన్ని లోపల దాచుకున్నారు."

బాలనర్సయ్య పువ్వుని తిప్పి వెనకవైపు కూడా చూశాడు. "నువ్వు చెప్పిందే నిజమమ్మా," అన్నాడు. రమామణికి ఏ సన్మానంలోనూ ఇంత తృప్తి కలగలేదు. మిగతావీ విప్పి రాసుకుంది. ఎరుపు ఐదు, గులాబీ ఎనిమిది, తెలుపు మూడు.

"లెక్క ప్రకారం ఎరుపు నాలుగు, తెలుపు నాలుగు రావాలి. మొక్కలు తక్కువైతే అటూ ఇటూ అవుతుంది. ఈసారి అరవై నాలుగు వేద్దాం," అంది. మూడుని నాలుగుగా దిద్దాలని ఆమెకి తోచనే లేదు.

ఈలోగా ఆమె వెనక పంతులు, వీరభద్రం ఒక నిర్ణయానికి వచ్చారు. అదే మూట శత్రువు కడితే చేతబడి, తోబుట్టువు కడితే రక్ష. ఆ కబురు విని హీరోగారు బయల్దేరారు, తన చేతికి కూడా ఒకటి కట్టమన్నారు. మల్లికార్జున్ ఫోన్ చేసి తనకి రెండు ఉంచమన్నాడు. పలకకి కుంకుమ పెట్టి పూజగదిలోకి తీసుకెళ్ళారు.

రమామణి పూజగది గుమ్మం దాకా వెళ్ళింది. "అది యంత్రం కాదురా. రంగులు పిల్లమొక్కలకి ఎలా పంపకమవుతాయో చూపించే పటం. నేనే గీశాను."

వీరభద్రం రెండు చేతులూ జోడించాడు. "అక్కా, నువ్వు గీసి ఉండొచ్చు. కానీ ఇవి చాలా లోతైన విషయాలు, నీకు అర్థం కావు," అని ఆమె ముఖం మీదే మెల్లగా తలుపు మూశాడు.

లోపల పంతులు "ఎఎ, ఎతె, ఎతె, తెతె" అని గంట మోగిస్తున్నాడు. వరస ఎక్కడా తప్పలేదు కాబట్టి రమామణి తలుపు తట్టలేదు.