ఎర్ర సున్నాలో మనిషి

ఆ ఆదివారం పొద్దున మహేందర్ చేయాల్సిన పనులు రెండే. వనపర్తిలో అత్తగారింటికి టెంట్ హౌస్ నుంచి కుర్చీలు తేవాలి, ఆ తర్వాత కోడికూర తేవాలి. మధ్యాహ్నానికి గద్వాల నుంచి కురుమూర్తి తన మనుషులను వెంటబెట్టుకుని వస్తాడు. ఆయన కూతురు మనీషాను మహేందర్ బామ్మర్ది సాంసన్‌కు ఇవ్వాలని మాట నడుస్తోంది. పిల్లవాడు దుబాయ్‌కు పోయి ఒక హోటల్ కంపెనీ వంటగదిలో పనిచేస్తున్నాడు. అతను సెలవు మీద వచ్చేలోగా ఇల్లు చూసి, పెద్దవాళ్ళతో కూర్చుని, పెళ్ళి తేదీ అనుకుందామని కురుమూర్తి కబురు పంపాడు.

మహేందర్‌ది కోడేరు. అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. భార్య కృప ముందే పుట్టింటికి వచ్చేసింది. అతను పొద్దున్నే మోటార్ సైకిల్ మీద వచ్చి కుర్చీలు దింపించి, వాకిట్లో వరసగా వేయించాడు. కోడికూరకు బయల్దేరబోతూ ఒక్కసారి ఫోన్ చూసుకున్నాడు. అంతే, కదల్లేదు.

అతని ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. నేరాలు జరిగిన చోటికి ఎన్నడూ వెళ్ళకుండానే నేరస్థులను పట్టుకునేవాళ్ళ గ్రూపు. నాగర్‌కర్నూల్‌లో ఉండే జితేందర్ అనే ఆయన దానికి పెద్ద. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు గానీ, కొన్నాళ్ళుగా అందరిదీ ఒకటే ధ్యాస. సముద్రం మధ్యలో ఎక్కడో ఉన్న ఒక దీవికి ఒంటరిగా విహారానికి వచ్చిన ఒక విదేశీ పెద్దావిడను హోటల్ గదిలో ఎవరో చంపేశారు. అక్కడి పోలీసులు ఒక పడవవాణ్ణి అరెస్టు చేశారు కూడా. గ్రూపు మాత్రం ఒప్పుకోలేదు. అసలువాణ్ణి దాచిపెడుతున్నారని జితేందర్ తేల్చాడు.

ఆ అసలువాణ్ణి వెతికి పట్టినవాడు మహేందరే. హోటల్ వెనక గేటు దగ్గరి సీసీ కెమెరా వీడియో ఎలాగో బయటికి వచ్చింది. తెల్లవారకముందు తెల్ల టోపీ పెట్టుకున్న ఒక మనిషి భుజాన బరువైన సంచితో గేటు దాటి లోపలికి పోతాడు. మహేందర్ దుకాణంలో కూర్చుని ఆ వీడియోను నిదానం చేసి, వెలుగు పెంచి, మనిషి చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి గ్రూపులో పెట్టాడు. పనిలో పనిగా కింద మూలకు తన పేరు, దుకాణం పేరు, ఫోన్ నంబరు కూడా వేశాడు. ఒక్క రోజులో ఆ బొమ్మ ఎక్కడెక్కడికో పోయింది. ఎవరో దానికి ఇంగ్లీషు తగిలించారు, ఇంకెవరో భయం పుట్టించే సంగీతం కలిపారు. ‘మహేందర్ భాయ్, నువ్వు మామూలోడివి కాదు’ అని జితేందర్ రాశాడు.

ఇంత ఘనత లోపల దాచుకోవడం మహేందర్ వల్ల కాలేదు. వాకిట్లో ఉల్లిగడ్డలు కోస్తున్న అత్త మణెమ్మ ముందు ఫోన్ పెట్టాడు. ఆమె కళ్ళు తుడుచుకుని చూసింది. ముఖం విప్పారింది.

"మా సాంసనే గదా," అంది. "ఎర్రగ గీసిన్రు ఎందుకు? హోటలోళ్ళు బహుమానం ఇచ్చిన్రా ఏంది?"

మహేందర్ నవ్వాడు. "నీ కొడుకు దుబాయ్‌ల ఉన్నడు అత్తా. గిది వేరే దేశం. వీడు మనిషిని చంపినోడు."

"నడక చూడు. మార్కెట్ యార్డుల పల్లికాయ మూటలు మోసీ మోసీ ఎడమ భుజం గట్ల దిగింది. కన్నదాన్ని, నాకు తెల్వదా?"

వాదన విని కృప వంటింట్లోంచి వచ్చింది. ఫోన్ తీసుకుని చూసింది. వీడియో అయిపోయింది, మళ్ళీ మొదలైంది, అయినా తల ఎత్తలేదు.

"తమ్ముడే," అంది. "కంపెనీవాళ్ళు వాణ్ని ఆ దీవిల హోటలుకు పంపిన్రు గదా. నీకు చెప్పిన."

"ఎప్పుడు చెప్పినవ్?"

"నువ్వు ఈ గ్రూపే చూసుకుంట ఊఁ అన్నవ్."

మహేందర్ వీడియోను ఇంకోసారి చూశాడు. ఎన్నో గంటలు చూసిన వీడియోనే. ఇన్నాళ్ళూ అందులో ఒక హంతకుడు నడిచాడు. ఇప్పుడు తన పెళ్ళిలో పక్కనే నిలబడి గొడుగు పట్టిన పిల్లవాడు నడుస్తున్నాడు. ఫోన్ పక్కన పెట్టి, మళ్ళీ తీసి, సాంసన్ నంబరు కొట్టాడు. స్విచాఫ్. రెండు రోజులుగా అలాగే ఉందని, డ్యూటీలో ఉన్నాడేమో అనుకున్నానని కృప చెప్పింది.

‘చంపినోడు’ అన్న మాట మణెమ్మకు అప్పుడు చేరింది. చేతిలోని ఉల్లిగడ్డ జారి కుర్చీల కిందికి దొర్లిపోయింది. "నా కొడుకు మనిషిని చంపిండని ఎవరంటుండ్రు?" అని అడిగింది. అందరూ అంటున్నారని మహేందర్ మెల్లగా చెప్పాడు. ఆ అందరిలో మొదటివాడు ఎవరో బొమ్మ కింద మూలకు రాసే ఉంది. మణెమ్మకు చదువు రాదు. కృపకు వచ్చు. ఆమె ఆ మూలను వేలితో పెద్దది చేసి చూసి, ఫోన్ భర్త చేతిలో పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేదని మహేందర్‌కు అనిపించింది.

వెంటనే అతను గ్రూపులో రాశాడు. పొరపాటు జరిగింది, ఆ మనిషి హంతకుడు కాదు, దయచేసి బొమ్మ తీసేయండి అని. తీసేయడం సంగతి అలా ఉంచి, నీకెలా తెలుసని అందరూ ఒకేసారి అడిగారు. కంగారులో మహేందర్ ‘నాకు తెలిసిన పిల్లగాడు, చాలా మంచోడు’ అని రాశాడు. తర్వాత మొట్టమొదటిసారిగా జితేందర్ ఫోన్ చేశాడు. నిన్నటిదాకా భాయ్ అన్న మనిషి ఇవాళ గారూ అన్నాడు.

"మహేందర్ గారూ, ఆ మనిషి మీకేమైతడు?"

"మా బామ్మర్ది."

"ఈ కాల్ రికార్డైతుంది," అని జితేందర్ పెట్టేశాడు.

కోడికూర అంగడికి పోయే లోపే మహేందర్ చుట్టూ కూడా ఎర్ర సున్నా పడింది. అతను ఎప్పుడో ఫేస్‌బుక్‌లో పెట్టుకున్న పెళ్ళి ఫోటో దొరికింది వాళ్ళకు. అందులో సాంసన్ అతని భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. ముందు పట్టించి తర్వాత కాదనడం పెద్ద కుట్ర అని, కోడేరు దుకాణంలోనే ఆ కుట్ర నడిచిందని, సంచిలో తీసుకుపోయింది ఏదైనా అక్కడికే వచ్చి ఉంటుందని గ్రూపు లెక్క గట్టింది. దుకాణం నంబరుకు ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఫోన్లు చేయసాగారు. ఒకాయన ఏమీ తిట్టకుండా, నిజం ఒప్పుకుంటే మనసు తేలికవుతుందని చాలాసేపు ఓదార్చాడు. ఎత్తకపోతే పారిపోయాడంటారేమోనని మహేందర్ ప్రతి ఫోనూ ఎత్తాడు. కూర సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఇదే సమయంలో మహేందర్ మామ, సాంసన్ తండ్రి బాలరాజు బస్టాండు దగ్గర పండ్లు కొంటున్నాడు. అక్కడ ఒక తెలిసినాయన, మీ సాంసన్ మర్డర్ కేసు ఫోన్లలో తిరుగుతోందే, నీకు తెలియదా అని అడిగాడు. సాంసన్, మర్డర్ అన్న రెండు మాటలే బాలరాజు చెవిన పడ్డాయి. మిగతాది వినకుండా, కొన్న పండ్లు అక్కడే వదిలి ఇంటికి వచ్చి, వరసగా వేసి ఉన్న కుర్చీల్లో మొదటిదాని మీద కూలబడ్డాడు.

"నా బిడ్డను చంపిన్రంట," అన్నాడు.

మణెమ్మ అప్పటిదాకా ఏడవలేదు. కొడుకు చంపాడంటే నమ్మని మనిషి, కొడుకును చంపారంటే నమ్మింది. ఆమె ఏడుపు విని వీధి వీధంతా వచ్చింది. కురుమూర్తి మనుషుల కోసం వేసిన కుర్చీలన్నీ నిండిపోయాయి. సాంసన్ చనిపోయాడని సగం మంది, చంపాడని సగం మంది కూర్చున్నారు. ఎవరిని ఏమని అడగాలో తెలియక అందరూ నేల చూపులు చూశారు. చర్చిలో ప్రార్థన చేసే బాలన్న లేచి కళ్ళు మూసుకున్నాడు. చేతులు పైకెత్తాక మళ్ళీ కళ్ళు తెరిచి, ప్రార్థన పోయినవాడి కోసమా, దొరికినవాడి కోసమా అని కృపను రహస్యంగా అడిగాడు. తనకూ తెలియదని కృప చెప్పింది. ఆయన ఎందుకైనా మంచిదని ప్రపంచ శాంతి కోసం ప్రార్థించాడు.

సరిగ్గా ఆమెన్ దగ్గర గద్వాల జీపు వచ్చి ఆగింది.

కురుమూర్తి తెల్లబట్టల్లో, చేతిలో మిఠాయి పెట్టెతో దిగాడు. కుర్చీల నిండా జనం, మధ్యలో తల బాదుకుంటున్న బాలరాజు. పెట్టెను వెనక్కి దాచుకుని వాకిలి బయటే నిలబడిపోయాడు. ఆయన వెనక వచ్చిన ఆడవాళ్ళు పూలదండను కొంగు కింద కప్పేశారు.

ఎవరో చెప్పేకంటే తనే చెప్పడం మేలని మహేందర్ ముందుకు వచ్చాడు. "చిన్నాయనా, తప్పు నాది," అన్నాడు. గ్రూపు సంగతి, సున్నా సంగతి, మూలకు పేరు వేసుకున్న సంగతి, ఏదీ దాచలేదు. "సంబంధం వద్దంటే మీ ఇష్టం. కానీ పిల్లగాడు గట్లాంటోడు కాదు."

కురుమూర్తి అతని ముఖంలోకి పరీక్షగా చూశాడు. "నిన్ను యాడనో చూసిన అనుకుంటున్న. దారిల బీచుపల్లి కాడ చాయ్ తాగుతుంటే ఎవరో ఫోన్‌ల చూపెట్టిన్రు. ఎర్రగ గీసి ఉండె." తర్వాత బాలరాజు వైపు తిరిగాడు. "గది సరే బావా. మీరందరు ఎందుకేడుస్తుండ్రు? పిల్లగాడు పొద్దున మా మనీషాతోని మాట్లాడిండు గదా."

ఏడుపు ఆగింది. ఆగడమంటే ఎవరో మీట నొక్కినట్టు ఆగింది. మణెమ్మ ముఖం మీది కొంగు దించి కురుమూర్తి వైపు చూసింది.

మనీషా గద్వాలలో ఒక దవాఖానలో నర్సు. కురుమూర్తి ఫోన్ చేసి విషయం చెప్పగానే, ఒక్క నిమిషం ఉండమని ఇంకో నంబరు కలిపింది. స్పీకర్లోంచి సాంసన్ గొంతు వచ్చింది. అది హోటల్ మేనేజర్ ఫోన్. సాంసన్ ఫోన్ సాక్ష్యం కోసం రెండు రోజులుగా పోలీసుల దగ్గర ఉంది.

అతను జరిగిందంతా చెప్పాడు. ఆ తెల్లవారుజామున ఉల్లిగడ్డల సంచి తేవడానికి వెనక గోదాముకు వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు రేవు దగ్గర ఒక పడవవాడు చొక్కా ఉతుక్కుంటూ కనిపించాడు. ఆ వేళప్పుడు చొక్కా ఉతకడమేమిటని అనుమానం వచ్చి ఫోన్‌లో ఫోటో తీశాడు. హత్య సంగతి తెలిశాక భయపడుతూనే పోలీసులకు చూపించాడు. ఆ ఫోటో వల్లే వాడు దొరికాడు. సాక్ష్యం ఇచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడవద్దని పోలీసులు అన్నారు, అది నిన్నటితో అయిపోయింది.

మహేందర్ అడగాల్సింది అడిగేశాడు. "మీ దగ్గర ఎవరన్న నీ వీడియో చూసిన్రా?"

"చూసిన్రు బావా. మూలకు నీ పేరు చూసి, మా బావ నన్ను వెతుకుతుండు అనుకున్న." తర్వాత సాంసన్ చనిపోయినావిడ మాట ఎత్తాడు. "ఆమె రోజూ పొద్దున వంటింటి తలుపు కాడికి వచ్చి చాయ్ అడిగేది బావా. సాంసన్ అని సక్కగ పలికేది. మీ అమ్మ ఎట్లుందని అడిగేది. మీ గ్రూపుల ఆమె గురించి ఏమనుకుంటుండ్రు?"

మహేందర్ జవాబు చెప్పబోయాడు. ఆమె గది తాళం ఎలాంటిదో అతనికి తెలుసు. కిటికీ ఏ వైపు ఉందో తెలుసు. సంచి బరువు ఎంత ఉంటుందో మూడు రకాల అంచనాలు తెలుసు. ఆమె పేరు మాత్రం ఎంత వెతికినా రాలేదు. గ్రూపులో అందరూ బాడీ అనే రాసేవాళ్ళు.

"హెల్గా అమ్మ," అన్నాడు సాంసన్, బావకు తెలియదని అర్థమై. "మా అమ్మ లెక్కనే ఉండె."

అప్పుడు బాలన్న మళ్ళీ లేచాడు. ఈసారి ఎవరినీ ఏమీ అడగకుండా, హెల్గా పేరు పెట్టి ప్రార్థించాడు. చనిపోయాడని వచ్చినవాళ్ళూ, చంపాడని వచ్చినవాళ్ళూ కలిసి ఆమెన్ అన్నారు. కురుమూర్తి మిఠాయి పెట్టె బయటికి తీసి బాలరాజు చేతిలో పెట్టాడు. మనిషి చావును చూసి ముఖం తిప్పుకోని పిల్లవాడికి బిడ్డను ఇవ్వడానికి ఇంకా ఆలోచించేదేముందన్నాడు. కోడికూర లేకుండా ఉల్లిగడ్డల కారంతోనే అందరూ తిన్నారు. మహేందర్ గ్రూపులో జరిగిందంతా వివరంగా రాశాడు. ఇది నమ్మేలా లేదని జితేందర్ అతన్ని గ్రూపులోంచి తీసేశాడు.

మణెమ్మకు మాత్రం అడగాల్సింది ఒకటి మిగిలింది. గద్వాల జీపు వెళ్ళిపోయాక కృప చేత మేనేజర్ నంబరుకు ఫోన్ చేయించి, తనకు చేయకుండా ఆ పిల్లకు ముందు ఎందుకు చేశావని కొడుకును అడిగింది.

"ఫోన్ పోలీసుల కాడ ఉండె అమ్మా," అన్నాడు సాంసన్. "నాకు నోటికొచ్చే నంబరు గదొక్కటే."

ఆ సాయంత్రం తన నంబరును సాంసన్ చూడకుండా తప్పులేకుండా అప్పజెప్పేదాకా మణెమ్మ ఫోన్ పెట్టనివ్వలేదు.